నిద్రలో తాగే కరెంటు

విజయవాడ ఆటోనగర్‌లో మా చెరువుల స్టార్టర్ ప్యానెళ్లు బాగుచేసే దుకాణం ఒకటుంది. యజమానికి అరవై దాటాయి. రేడియోతో మొదలుపెట్టి టీవీ, స్టెబిలైజరు, ఇన్వర్టరు దాకా అన్నీ విప్పి చూసిన చెయ్యి. ఆయన మేనల్లుడు కానూరులో ఇంజనీరింగ్ చదివి, బెంగుళూరులో నాలుగేళ్లు చిప్పులతో పనిచేసి, ఇప్పుడు చెరువులకీ కాలవలకీ సెన్సర్ డబ్బాలు తయారుచేస్తానని ఊరికొచ్చేశాడు. నేను వెళ్లేసరికి ఇద్దరూ వేలెడు బోర్డు ఒకటి మధ్యలో పెట్టుకుని, డబ్బాలో ఏ చిప్పు ఉండాలని వాదులాడుకుంటున్నారు.

అందులో నాకూ పని ఉంది. బంటుమిల్లి దగ్గర మాకు నాలుగెకరాల రొయ్యల చెరువు. పోయినేడు కొన్న ఆక్సిజన్ మీటరు ఒకటి, మబ్బుపట్టిన ఓ రాత్రి బ్యాటరీ అయిపోయి నోరు మూసుకుంది. పగలు ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ తయారవలేదు, రాత్రి ఉన్నది కాస్తా అయిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి కాపలావాడు లేపితే వెళ్లి చూద్దును కదా, రొయ్య గట్టు వెంబడి తేలిపోయి ఉంది. ఆ మీటరు కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం. అందుకే స్టూలు లాక్కుని కూర్చుని విన్నాను. మాటలు గుర్తున్నంతలో రాస్తున్నాను. లెక్కలు మాత్రం కుర్రాడి చేత మళ్లీ సరిచూపించుకున్నాను.

మావయ్య: చూడండి మాస్టారూ వీడి వరస. చెరువులో రెండు హెచ్‌పీ ఏరేటర్లు ఎనిమిది గిరగిరా తిరుగుతుంటే వీడు మైక్రో ఆంపియర్లు లెక్కపెడుతున్నాడు. వెయ్యి మందికి వండుతూ పోపులో ఆవగింజలు లెక్కపెట్టినట్టుంది. ఆక్వా జోన్‌లో యూనిట్ రూపాయిన్నర!

అల్లుడు: బిల్లు సంగతైతే నువ్వన్నదే నిజం మావయ్యా, లెక్క కూడా నేనే చెప్తా. నిద్రలో 10 మైక్రో ఆంపియర్లు తాగే చిప్పు ఏడాది పొడుగునా పడుకుంటే అయ్యే ఖర్చు, ఆ ఏరేటర్ ఒక్క సెకను తిరిగితే అయ్యే దానికన్నా తక్కువ. బిల్లు చూసి ఎవరూ చిప్పు ఎంచుకోరు. కానీ కరెంటు ఉన్నది గట్టు మీద. మీటరు ఉండేది చెరువు నడిమధ్యలో. అక్కడ దానికున్న ఆస్తి ఒక్క సెల్లు.

మావయ్య: వైరు లాగు.

అల్లుడు: ఉప్పునీళ్లలోకా? ఏరేటర్ వైర్లు తెగి షాకు కొట్టిన కేసులు నీ దగ్గరికి ఎన్ని రాలేదు?

మావయ్య: పన్నెండు వోల్టులే లాగు. ఎవడికీ ఏమీ కాదు.

అల్లుడు: పట్టుబడి రోజు వల లాగేవాళ్లు ఆ వైరుని చూసుకుంటూ లాగుతారా?

ఈ మాటకి ఆయన దగ్గర జవాబు లేదు. వల లాగే రోజున మా గట్టు మీద చెప్పులు కూడా మిగలవు.

మావయ్య: సరే, సెల్లే అనుకుందాం. ఈ బోర్డుకేం తక్కువ? ఈఎస్‌పీ32. నాలుగైదు వందలకి దొరుకుతుంది. వైఫై, బ్లూటూత్ రెండూ అందులోనే ఉన్నాయి. పాలిటెక్నిక్ కుర్రాడికి కూడా తెలుసు దీని సంగతి. నువ్వు కావాలంటున్న పొదుపు చిప్పు ఎస్‌టీఎం32 కరోనా తరవాత ఎన్ని నెలలు దొరకలేదో, దొరికినా ఎన్ని రెట్లు గుంజారో మర్చిపోయావా? రాత్రి పదింటికి రైతు ఫోన్ చేసి మీటరు చచ్చిపోయింది అంటే, అరలో ఉన్నదే మందు. బెంగుళూరు నుంచి పార్సిల్ వచ్చేలోపు రొయ్య ఆగుతుందా?

అల్లుడు: రైతు రాత్రి పదింటికి ఫోన్ చెయ్యకుండా ఉండాలనే నా గోల. ఈ బోర్డుకి మల్టీమీటరు పెట్టి చూడు.

ఇక్కడ కాసేపు మాటలు ఆగాయి. కుర్రాడు సెల్లు నుంచి బోర్డుకి వెళ్లే ఎర్ర తీగ కత్తిరించి మధ్యలో మల్టీమీటరు పెట్టాడు. బోర్డు లేచింది, పని చేసింది, ప్రోగ్రాంలో రాసిన ప్రకారం నిద్రపోయింది. నిద్రలో 10 మైక్రో ఆంపియర్లే తాగుతుందని చిప్పు కంపెనీ కాగితం మీద ఉంది. మీటరు 7 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబడింది. అంటే ఏడొందల రెట్లు.

అల్లుడు: 2600 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్లు పెడితే పదిహేను రోజులు. అదీ ఒక్కసారి కూడా లేవకుండా పడుకుంటే! ఇది నిద్రా?

మావయ్య: ఆగరా అల్లుడూ. దొంగ చిప్పు కాదు.

ఆయన సాల్డరింగ్ ఐరన్ అందుకుని, బోర్డు మూలన వెలుగుతున్న బియ్యపుగింజంత ఎర్ర దీపాన్ని తాకించి లేపేశాడు. మీటరు 5 దాటి కొంచెం మీదకి దిగింది. తరవాత మూడు కాళ్ల నల్ల ముక్క మీద వేలు పెట్టాడు.

మావయ్య: ఇది రెగ్యులేటరు, ఏఎంఎస్1117. అయిదు వోల్టుల్ని మూడు పాయింట్ మూడు చేస్తుంది. పని ఉన్నా లేకపోయినా తన కూలి అయిదు మిల్లీ ఆంపియర్లు కచ్చితంగా తీసుకుంటుంది. గోడకి గుచ్చే ఛార్జరుతో నడిచే బోర్డుకి ఇది చాలు. నువ్వు దాన్ని తెచ్చి సెల్లుకి కట్టి, తిట్లు మాత్రం చిప్పుని తిడుతున్నావు.

అల్లుడు: నేనూ అదే అంటున్నా కదా! రెగ్యులేటరు మార్చాలి. తక్కువ తాగేవి ఉన్నాయి, నాలుగు మైక్రో ఆంపియర్లతో సరిపెట్టుకునేవి.

మావయ్య: ఉన్నాయి. అవి ఇచ్చేది 250 మిల్లీ ఆంపియర్లు. నీ వైఫై ఒక్కో గుటకకి అంతదాకా లాగుతుంది. సెల్లు కాస్త డీలా పడిన రోజున బోర్డు లేవబోయి పడిపోవడం, మళ్లీ లేవబోయి పడిపోవడం. తెల్లారేదాకా అదే పని. అసలు రెగ్యులేటరే ఎందుకు?

అరలోంచి లావుపాటి సెల్లు ఒకటి తీశాడు. పాడైపోయిన సోలార్ వీధి దీపంలోది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 3.2 వోల్టులు, 6000 మిల్లీ ఆంపియర్ అవర్లు. చిప్పు అడిగేది మూడు నుంచి మూడు పాయింట్ ఆరు వోల్టుల మధ్య. ఈ సెల్లు తన జీవితంలో ఎక్కువ భాగం 3.2 చుట్టుపక్కలే ఉంటుంది. నిండా ఎక్కిస్తే 3.65 దాకా పోతుంది కాబట్టి కాస్త తగ్గించి ఎక్కించాలి, అంతే జాగ్రత్త. మధ్యలో దళారీ లేకుండా తిన్నగా కలిపాడు. కుర్రాడు మీటరుని మైక్రో ఆంపియర్ల మీదకి తిప్పాడు. పన్నెండు.

కుర్రాడి మొహం చూడాలి. నాలుగేళ్ల బెంగుళూరు మీద పాత వీధి దీపం గెలిచింది. అయితే ఆ ఆనందం నిమిషమే. నిద్రలేచే టైమొచ్చేసరికి బోర్డు పడిపోయింది. మావయ్య ముందు గాభరాపడ్డాడు. ఈసారి కుర్రాడు నవ్వాడు. మైక్రో ఆంపియర్ల మీద ఉన్నప్పుడు మీటరు లోపల ఉండే నిరోధకం, వైఫై గుటకేసే సరికి వోల్టేజీని తినేస్తుందట. లేచేటప్పుడు మీటరు రెండు కొనల్ని ఒక తీగముక్కతో కలిపి ఉంచి, పడుకున్నాక తీసెయ్యాలి. ఈ చిన్న సంగతి తెలియక మంచి బోర్డుల్ని పనికిరావని పారేసేవాళ్లు ఉంటారు.

అల్లుడు: నిద్ర సంగతి తేలింది. ఇప్పుడు మెలకువ. పది నిమిషాలకోసారి లేస్తుంది. వైఫై వెతికి, పట్టుకుని, లెక్క పంపించి పడుకోవడానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ సగటున వంద మిల్లీ ఆంపియర్లు. దాన్ని పది నిమిషాలకి పరిస్తే 0.67 మిల్లీ ఆంపియర్లు. నిద్రలో తాగేదానికి అరవై రెట్లు దగ్గర. అదే లోరా రేడియో పెట్టి చూడు. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. మన బల్లపరుపు నేల మీద రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. 45 మిల్లీ ఆంపియర్లు, సెకనులో మూడో వంతు, అంతే. ఎస్‌టీఎం32ఎల్ చిప్పు నిద్రలో ఒకటీ రెండు మైక్రో ఆంపియర్లే. మొత్తం సగటు 26 మైక్రో ఆంపియర్లు. నీ వీధి దీపం సెల్లుతో లెక్క ప్రకారం ఇరవై ఆరేళ్లు.

మావయ్య: అన్నేళ్లు సెల్లు బతుకుతుందా?

అల్లుడు: బతకదు. ముందు అదే పోతుంది. కానీ నా భయం ఏళ్ల గురించి కాదు. కరెంటు పోయిన రాత్రి గురించి. షెడ్డులో రూటరు ఆరిపోతుంది. నీ బోర్డు లేస్తుంది, వైఫై కోసం వెతుకుతుంది, దొరకదు, ఇంకా వెతుకుతుంది. నాలుగు సెకన్లు నలభై అవుతాయి. సరిగ్గా ఏరేటర్లు ఆగిపోయి, ఆక్సిజన్ పడిపోతున్న గంటలో, డబ్బా తన సెల్లుని తనే తాగేస్తుంది. లోరాకి ఆ బాధ లేదు. చెప్పాల్సింది చెప్పేసి పడుకుంటుంది, జవాబు కోసం చూడదు.

నాకు మా మబ్బు రాత్రి గుర్తొచ్చింది. ఆ రాత్రి కూడా కరెంటు రెండు గంటలు లేదు.

మావయ్య: మంచి మాటే. అయితే ప్రోగ్రాంలో నాలుగు సెకన్లు వెతికి దొరక్కపోతే పడుకో అని రాయి. దానికి చిప్పు మార్చాలా? ఇప్పుడు నేనడిగేదానికి చెప్పు. ఆక్సిజన్ ప్రోబు ఎంత తాగుతుంది?

కుర్రాడు తల గోక్కున్నాడు. అడగాల్సిన ప్రశ్న అదే మరి.

అల్లుడు: ఆప్టికల్ ప్రోబు… పన్నెండు వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లు. లెక్క నిలకడ అయ్యేదాకా పది సెకన్లు.

మావయ్య: 3.2 సెల్లు నుంచి పన్నెండుకి ఎత్తితే?

అల్లుడు: సెల్లు మీద 130 దాకా పడుతుంది. పది నిమిషాలకి పరిస్తే 2.2 మిల్లీ ఆంపియర్లు.

మావయ్య: అంటే నీ ఇరవై ఆరేళ్లు?

అల్లుడు: నూట పన్నెండు రోజులు. వైఫైతో అయితే ఎనభై ఆరు.

మావయ్య: అదీ! ఇంట్లో బావి తవ్వుకుని తాగేవాడొకడు ఉండగా, చెంబుతో తాగేవాడి మీద కేకలు. చిప్పు ఎంచుకోవడం కాదు, ముందు ఎవడెంత తాగుతున్నాడో వరస రాసుకో. ఇంకోటి. ఆ ప్రోబుకి వారం తిరిగేసరికి నాచు పడుతుంది. కడక్కపోతే అబద్ధాలు చెప్తుంది. మేత చల్లే కుర్రాడు రోజూ తెప్పేసుకుని ఆ డబ్బా పక్కనుంచే పోతాడు. వారానికోసారి మనిషి చెయ్యి పడే వస్తువుకి ఇరవై ఆరేళ్ల సెల్లెందుకురా?

అల్లుడు: గాల్వానిక్ ప్రోబు ఉంది. తన కరెంటు తనే పుట్టించుకుంటుంది, సెల్లు నుంచి ఏమీ అడగదు.

మావయ్య: పొర మార్చాలి, లోపల ద్రావణం పోయాలి. ఆ పని చేసేదెవరు? మళ్లీ తెప్ప మీది కుర్రాడేగా.

ఇక్కడ ఒక మాట నేను చెప్పాలి. ఎనభై ఆరుకీ నూట పన్నెండుకీ తేడా కాగితం మీద ఇరవై ఆరు రోజులు. చెరువు మీద అది వేరు. వెనామీ పంట మూడు నుంచి నాలుగు నెలలు. ఎనభై ఆరో రోజంటే రొయ్య కౌంటుకొచ్చి, మేత ఖర్చు నెత్తిమీద ఉన్న సమయం. ఆక్సిజన్ కరువు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. నూట పన్నెండో రోజుకి మామూలుగా పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, డబ్బా ఒడ్డుకొచ్చి ఉంటుంది. కాబట్టి ఆ కాస్త పొదుపు వృథా కాదు. కానీ ఆ పొదుపు చిప్పుది కాదు, రేడియోది. మావయ్య ఈ సంగతి ఒప్పుకోలేదనుకోండి, నా లెక్క నాది.

అల్లుడు: చెరువు నీదే, ఒప్పుకున్నా. కాలవ మాటేంటి? రైవస్ కాలవ చివర, ఏలూరు కాలవ మీద లాకుల దగ్గర, నీటిమట్టం చూసే గేజీలు. లస్కరు పగలు రెండుసార్లు వెళ్లి చూసి రాస్తే రాసినట్టు. 2024 సెప్టెంబరులో ఏమైంది? బుడమేరు తెగి సింగ్ నగర్ మునిగింది. రెండో తారీఖున ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, కట్టినప్పటినుంచీ అంత ఎప్పుడూ లేదు. ఊళ్లో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. గేజీ మాట్లాడాల్సింది ఆ రోజుల్లోనే కదా.

మావయ్య: కరెంటు లేదు, టవర్లూ మూగబోయాయి. నీ చిప్పు బతికే ఉంది, సరే. ఎవరితో మాట్లాడుతుంది?

అల్లుడు: మాట్లాడక్కర్లేదు, రాసుకుంటుంది. నీళ్లు ఏ గంటకి ఎంత పెరిగాయో లోపల దాచుకుని, దారి తెరుచుకున్నాక చెప్తుంది. లోరాకి టవరు అక్కర్లేదు కూడా, గట్టున ఎత్తు మీద మన డబ్బా ఇంకోటి ఉంటే చాలు. ఇక్కడ నీ ప్రోబు లాంటి తాగుబోతు లేడు. నీటిమట్టం చూసే అల్ట్రాసోనిక్ సెన్సరుకి కొన్ని మిల్లీ ఆంపియర్లు, అదీ అరసెకను. కడిగే పని లేదు. మనిషి ఆర్నెల్లకోసారి వెళ్తే గొప్ప. ఇక్కడ నిద్ర ఖర్చు కూడా లెక్కలోకొస్తుంది. ఇప్పుడు చెప్పు, పన్నెండు మైక్రో ఆంపియర్ల నిద్ర కావాలా, రెండు మైక్రో ఆంపియర్ల నిద్ర కావాలా?

మావయ్య: సోలార్ ప్యానెల్ పెట్టు. పన్నెండయినా పన్నెండొందలయినా ఎండే చూసుకుంటుంది.

అల్లుడు: ప్యానెల్ మీద కొంగలు రెట్ట వేస్తే ఎవరు తుడుస్తారు? అసలు కాలవ గట్టు మీద ప్యానెల్ ఎన్ని రోజులుంటుంది?

మావయ్య పకపకా నవ్వాడు. రిపేరుకి వచ్చే సోలార్ దీపాల్లో ప్యానెల్ పోయినవి ఎన్నో ఆయనకి తెలుసు. బూడిదరంగు పీవీసీ గొట్టంలో దాక్కున్న డబ్బాని ఎవడూ ఎత్తుకుపోడు. పొదుపు చిప్పుకి ఇంత గట్టి సాక్ష్యం ఏ కంపెనీ కాగితంలోనూ నేను చూడలేదు.

మావయ్య: అయితే ఖరీదు?

అల్లుడు: పొదుపు చిప్పు ఖరీదైందే అవ్వాలని రూలేం లేదు. అసలీ వంశం పుట్టిందే పిసినారితనంలో. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ఏకార్న్ అని కంప్యూటర్ కంపెనీ. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి ఒక చిప్పు గీశారు, ఆర్మ్. పాతికవేల ట్రాన్సిస్టర్లే. సిరామిక్ ప్యాకేజీకి డబ్బు పెట్టలేక ప్లాస్టిక్‌లో పెడదామనుకున్నారు. ప్లాస్టిక్ అంటే ఒక వాట్ కన్నా ఎక్కువ వేడి పుట్టకూడదు. ఎందుకైనా మంచిదని ఇంకా తగ్గించారు. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు వచ్చింది, పెట్టగానే నడిచింది. ఎంత తాగుతోందో చూద్దామని ఫర్బర్ మీటరు పెడితే సున్నా.

మావయ్య: మీటరు ఫ్యూజు పోయిందా?

అల్లుడు: కాదు. చిప్పుకి కరెంటు తీగే కలపలేదు! పక్క తీగల్లోంచి వచ్చే సంకేతాల్లోంచి కారే కరెంటుతోనే నడిచేస్తోంది. ఇవాళ నీ జేబులో ఫోను, నా ఎస్‌టీఎం32 అన్నీ ఆ వంశమే.

మావయ్య: అంటే వాళ్లు పొదుపు చేద్దామనుకోలేదు. ప్లాస్టిక్ డబ్బుకి చూసుకున్నారు. నేనూ అదే చేస్తున్నాగా, వీధి దీపం సెల్లు పెట్టి!

దీనికి కుర్రాడి దగ్గర జవాబు లేదు. టీ వచ్చింది. ఆ తరవాత వాళ్లు మొబైల్ స్టార్టర్ల మీద పడ్డారు. పాత 2జీ సిమ్ మాడ్యూల్ గుటకకి 2 ఆంపియర్లు లాగుతుందని ఒకడు, ప్యానెల్ పక్కనే మూడు ఫేజులుంటే లాగితే ఏమైందని ఇంకొకడు. జియోకి 2జీయే లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పనిచెయ్యదన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. నా ప్యానెల్ సాయంత్రానికి గానీ చేతికి రాలేదు.

చెరువు డబ్బా మావయ్య లెక్కలోనే తయారైంది: అందరికీ దొరికే చిప్పు, రెగ్యులేటరు లేదు, వీధి దీపం సెల్లు. కుర్రాడి పట్టు మీద అందులో లోరా రేడియో చేరింది. కాలవ డబ్బాలో మావయ్య వేలు పెట్టలేదు.

ఇంటికొచ్చాక అటక మీద పడేసిన నా పాత మీటరు దింపి, రబ్బరు సీలు కోసి మూత విప్పాను. కొత్త సెల్లు పెట్టి మీట నొక్కాను. మూడు కాళ్ల నల్ల ముక్క అక్కడే ఉంది. దాని పక్కన, మూత బిగిస్తే ఎవరికీ కనపడని చోట, ఎర్ర దీపం వెలిగింది. మీ చెరువులోనూ ఇలాంటి డబ్బా ఉంటే ఈ పంట మధ్యలో ఒక్కసారి ఒడ్డుకి తెప్పించి, తెలిసినవాళ్ల చేత మూత విప్పించి చూడండి. దీపం వెలుగుతుంటే ముందు దాన్ని పీకించండి. చిప్పు సంగతి తరవాత.